వృత్తినిర్ణయము – విచారణావశ్యకత

(కనకమామిడి గ్రామమున విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



పదవ తరగతి పరీక్షలు ముగిసిన మరునాటినుండి మన గ్రామములలో నొక వింత జరుగుచుండును. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, నడిపించి, నలుగురిని విచారించిగాని రూకలు చేతబెట్టని రైతు, కుమారుని భవిష్యత్తును మాత్రము ప్రక్కయింటివాని మాటమీద నిర్ణయించుచున్నాడు. “వారి పిల్లవాడు ఇంజినీరింగులో చేరినాడట, మనవాడును చేరవలయును” అనుచున్నాడు. ఈ ‘అట’ అను రెండక్షరములమీద భూములు అమ్ముడుపోవుట మావంటి వకీళ్ళము కన్నులార చూచుచున్నాము.

న్యాయస్థానమున వినికిడి సాక్ష్యము సామాన్యముగా చెల్లదు. చూచినవాడే బోనెక్కి చెప్పవలయును, అడ్డుప్రశ్నలకు నిలువవలయును. గజమెడు గట్టుతగాదాకు వర్తించు నియమము నలువదేండ్ల జీవనమునకు వర్తింపవలదా?

నా యనుభవమునే చెప్పెదను. స్నేహితుడు గణితశాఖలో చేరినాడని నేనును చేరితిని. ఆ చదువు ఎచటికి దారితీయునో యెవరినీ అడిగినవాడను గాను. రెండేండ్లు వృథాయైనవి. పిదప నొక వేసవిలో ఒక వకీలుగారియొద్ద కాగితపుకట్టలు మోసి, నకళ్ళు వ్రాసినప్పుడుగాని నాకు తగిన పని యేదియో తెలియరాలేదు. ఆ నెలదినములు ముందే దొరకియున్నచో ఆ రెండేండ్లు నాకు మిగిలియుండును.

ఈ యాలోచన క్రొత్తది కాదు. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అను నాతడు యువకులకు వృత్తివిషయమున సలహానిచ్చు కార్యాలయమును నెలకొల్పెను. ఆయనయు న్యాయవాదవృత్తి నెఱిగినవాడే. నిన్ను నీ వెఱుగుము. పని స్వరూపమును, దాని లాభనష్టములను ఎఱుగుము. రెంటికిని పొత్తు కుదురునో లేదో యోచింపుము – ఇదియే ఆయన యుపదేశసారము. మన దేశమునను 1952–53 నాటి ముదలియార్ విద్యాసంఘము పాఠశాలలకు వృత్తిమార్గదర్శకులు కావలయునని సూచించెను. ఏడు దశాబ్దములు గడచినను పల్లెవిద్యార్థికి తరచుగా ప్రక్కయింటివాడే మార్గదర్శకుడు!

ప్రత్యేక రాష్ట్రోద్యమమున ‘నీళ్ళు, నిధులు, నియామకములు’ అని వీధులలో నినదించినవారిలో నేనునొకడను. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము సిద్ధించెను. అయినను సర్కారు కొలువు లందరికిని చాలవు. అశోక్‌నగరు గదులలో పరీక్షలకై యేండ్లు గడపు యువకుల దుఃఖము మన దుఃఖమే. వారి హక్కుకై పోరాడవలసినదే. కాని తక్కిన దారుల నెఱిగించుటయు మన ధర్మమే గదా!

మన సమీపమున చిలుకూరు బాలాజీ కోవెలలో వీసా కోరి 11 ప్రదక్షిణములును, కోర్కె నెరవేరిన 108 ప్రదక్షిణములును చేయువారిని చూచుచున్నాము. భక్తి శ్లాఘ్యమే. కాని పోవు దేశమున లభించు పని యెట్టిదో, చదువు ఋణము ఎన్నేండ్లకు తీరునో తెలిసికొనుటకు పదునొకండు ప్రశ్నలైన వేసిన వారెందరు?

దారులు మన ముంగిటనే కలవు. రాజేంద్రనగరులో వ్యవసాయ విశ్వవిద్యాలయమున్నది. పదవ తరగతి పిదప రెండేండ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ చదువు కలదు. ఐటీఐలు కలవు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టముక్రింద భృతి పొందుచు పని నేర్వవచ్చును. మన పూలతోటలకును, కూరగాయల పొలములకును మందు, నీరు, విపణి తెలిసిన చదువరి యక్కరలేదా?

కావున నా విన్నప మిది. ప్రతి విద్యార్థియు, ముఖ్యముగా ప్రతి బాలికయు, ఈ సెలవులలో మూడు వృత్తుల నెన్నుకొనవలయును. ఆ పని చేయువానియొద్ద ఒక దినము గడిపి యైదు ప్రశ్న లడుగవలయును: ఈ పనికి ఏ చదువు కావలయును? ఎంత వ్యయమగును? మొదటి యేట ఎంత వచ్చినది? ఏది కష్టము? మరల నెన్నుకొనవలసివచ్చిన దీనినే యెన్నుకొందువా? అయిదవ ప్రశ్నకు వచ్చు జవాబును శ్రద్ధతో వినుడు. జవాబులను ఒక పుస్తకమున వ్రాసి, ఆదివారమునాడు గ్రంథాలయమున నలుగురియెదుట చదువుడు. ఒకని విచారణ ఊరందరికి ఉపకరించును.

తల్లిదండ్రులారా! ఈ విచారణ ముగియువరకు రుసుము కట్టకుడు, భూమి నమ్మకుడు. పిల్లవాడు తెచ్చిన సాక్ష్యమును వినుడు. విన్నపిమ్మటనే తీర్పు చెప్పుడు.