సగము కుట్టిన బొంత
(ప్రసంగ పాఠము)



బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు మనవారు బిలాస్‌పూరునకు ఉద్యోగార్థము వచ్చుచున్నారు. 2003లో ఈ పట్టణము ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానమైనది. మన పెట్టెలలోని పాతచీరల మూటలు మాత్రము బదిలీ వెంట బదిలీగా విప్పకయే తిరుగుచున్నవి.

కార్యాలయమున పెండింగు కాగితములకు లెక్క అడుగు నేను, బొంతకు దారము తెమ్మని మా అమ్మ యడుగగా రేపు రేపనుచుంటిని. సగము కుట్టిన బొంతను విడిచి ఆమె గతించెను.

మొన్నటి చలికాలమున నా భార్యయు నేనును దానిని బయటికి తీసితిమి. పొరలు కదలకుండ పెద్దకుట్లతో నిలిపి, నడుమనుండి అంచులకు కుట్టుకొనిపోతిమి. అట్లయిన ముడుతలు పడవు. అమ్మ వరుసలు తిన్ననివి, నావి వంకరవి. ఆ హద్దు స్పష్టముగా కనబడుచున్నది.

మీ మూటలను నేడే విప్పుడు. మొదలిడిన చేతులుండగనే ముగించుట మేలు. సెలవు.