వావిలాకు విలువ ఎవరికి దక్కుతోంది?

(రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాగు గట్టున పెరిగే వావిలి మనందరికీ తెలుసు. బాలింతలకు వావిలాకు నీళ్లు కాచి పోస్తాం. మోకాళ్లు పట్టేస్తే ఆకు వేడిచేసి కాపడం పెడతాం. ఇప్పుడు అదే ఆకు నిర్గుండి తైలంగా, మాత్రలుగా బజారులో అమ్ముడుపోతోంది. ఔషధ మొక్కలు వేయండి, కొనే పూచీ మాది అంటూ ఏజెంట్లు ఊళ్లకు వస్తున్నారు. అందుకే ఈ ఆకు గురించి సైన్సు ఏమంటోందో, చట్టం ఏమంటోందో మనం తెలుసుకోవాలి.

దెబ్బ తగిలినా, కీళ్లు దెబ్బతిన్నా ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై వాపు, నొప్పి పెంచుతాయి. డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వాటి తయారీని తగ్గిస్తాయి. ప్రయోగశాలలో ఎలుక పాదంలోకి సముద్రపు నాచు నుంచి తీసిన కారజీనన్ ఎక్కించి వాపు తెప్పిస్తారు. కొన్ని ఎలుకలకు ఆకు సారం, కొన్నిటికి మామూలు మందు ఇచ్చి, గంటలవారీగా వాపు కొలుస్తారు. వావిలాకు సారంతో వాపు తగ్గినట్టు ఇలాంటి పరీక్షల్లో పలుమార్లు కనబడింది. మన పెద్దల అనుభవం వట్టి మాట కాదన్నమాట.

అయితే ఎలుక పాదం వేరు, నాట్లు వేసే కూలీ మోకాలు వేరు. పరీక్షల్లో ఎక్కువగా వాడేది ఆల్కహాల్‌తో తీసిన సారం. మనం ఇంట్లో కాచేది నీళ్ల కషాయం. రెంటిలో దిగే పదార్థాలు ఒకటి కావు. నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి ఆకు బలం మారుతుంది. కాపడం పెట్టుకుందాం, కానీ సీసా మీది మాట నమ్మి డాక్టరు ఇచ్చిన మందులు మానవద్దు. కీలు ఎర్రగా వాచి జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రోజూ నొప్పి మాత్ర మింగి పనికి పోవడమూ ప్రమాదమే. కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

ఇక చట్టం సంగతి. మొక్కలతో, వాటి గురించిన జ్ఞానంతో వ్యాపారం చేసేవారు లాభంలో ప్రజలకు వాటా ఇవ్వాలన్నది 2002 జీవవైవిధ్య చట్టం ఉద్దేశం. దేశీయ కంపెనీలకూ ఇది వర్తిస్తుందని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పింది. 2023 సవరణ మాత్రం గ్రంథాల్లోకెక్కిన సంప్రదాయ జ్ఞానానికి, సాగుచేసిన ఔషధ మొక్కలకు మినహాయింపులు ఇచ్చింది. వావిలి ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్నదే. తరతరాలుగా దాన్ని కాపాడుకున్న ఊరికి మిగిలేదేమిటి?

కాబట్టి మన డిమాండ్లు ఇవి. ధర, నాణ్యత పరీక్ష, కొనుగోలు గడువు రాతపూర్వకంగా ఇవ్వని ఏ కంపెనీకీ ఎకరం కూడా సాగు చేయం. పంచాయతీ జీవవైవిధ్య కమిటీ పనిచేయాలి, మన మొక్కల వివరాలు రిజిస్టరులో ఎక్కాలి. 2023 మినహాయింపులు రద్దు కావాలి. వ్యవసాయ కూలీల కీళ్ల నొప్పులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచిత వైద్యం అందాలి.

ఆకు మనది, అనుభవం మనది. దాని విలువలో వాటా కూడా మనకు రావాలి. ఈ మాట ప్రతి గ్రామసభలో వినిపిద్దాం.