గచ్చు నుంచి సిలేన్ దాకా: కాంక్రీటు పైపూతల కథ



మా మేష్టారు క్లాసుకు సుద్దముక్క మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ, జేబులో ఒక చిన్న సీసా లేకుండా వచ్చిన రోజు నాకు గుర్తులేదు. అందులో ఉండేది ఫినాఫ్తలీన్. పెచ్చూడిన స్తంభం కనిపిస్తే చాలు, సుత్తితో కాస్త చెక్కి, ఆ తాజా గాటు మీద నాలుగు చుక్కలు వేసేవారు. గులాబీ రంగు వస్తే కాంక్రీటులో క్షారం ఉన్నట్టు. రాకపోతే అయిపోయినట్టు. "రంగు ఊచ దగ్గర ఉందా, లేదా? అది చెప్పు ముందు" అనేవారు. ఈ సాయంత్రం నేను చెప్పే చరిత్ర కూడా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

గోడకు పూత వేసి కాపాడటం మనకు కొత్త విద్య కాదు. గానుగలో రోజుల తరబడి నూరిన డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గచ్చు వేసేవారు. ఆఖరి పూతను నున్నటి రాయితో మెరుపు వచ్చేదాకా రుద్దేవారు. ఆ రుద్దుడుతో పైపొరలోని సన్నటి రంధ్రాలు మూసుకునేవి. ఇక్కడొక వింత ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే కొద్దీ సున్నం గట్టిపడుతుంది. 1591 నాటి చార్మినార్‌లో సున్నానికి బలమిచ్చింది ఆ వాయువే. ఇనుప ఊచలున్న సిమెంటు కాంక్రీటుకు అదే శత్రువు.

1824లో లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నప్పుడు లోపల ఊచల మాటే లేదు. ఊచలు వచ్చాకే చిక్కు మొదలైంది. తాజా కాంక్రీటు పీహెచ్ 12.5 పైమాటే. ఆ క్షారంలో ఇనుము మీద పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను 9 కిందికి దించితే (అదే కార్బనేషన్) ఆ పొర పోతుంది. ఉప్పులోని క్లోరైడ్లు చేరితే పీహెచ్ బాగానే ఉన్నా పొరకు చిల్లులు పడతాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కవరు, అంటే ఊచల మీది కాంక్రీటు పొర, పగిలి పెచ్చులూడతాయి. మేష్టారు మాచేత వల్లె వేయించిన లెక్క ఒకటుంది. కార్బనేషన్ లోతు కాలం వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అంటే 20 మి.మీ. దాటడానికి 20 ఏళ్లు పడితే, 10 మి.మీ. దాటడానికి 5 ఏళ్లే. ఆ కవరు నిలిపే కవర్ బ్లాకు పెట్టని మేస్త్రీ సగం కవరు మింగి ముప్పావు ఆయుష్షు మింగుతాడన్నమాట.

తొలి ప్రయత్నాలన్నీ రంధ్రాలు పూడ్చేవే. 1863లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో క్రోటన్ జలాశయపు గేట్‌హౌస్ ఇటుక గోడలు నీరు కారుతుంటే, వేడి సబ్బు నీళ్లు ఒక పూత, మర్నాడు పటిక నీళ్లు ఒక పూత, ఇలా మార్చి మార్చి పూశారు. రెండూ కలిసి రంధ్రాల్లో నీటికి కరగని అల్యూమినియం సబ్బు అయ్యాయి. సిల్వెస్టర్ పద్ధతి అని పేరు. మన వంటింటి సరుకుతో అయ్యే పని! బవేరియాలో ఫుక్స్ కనిపెట్టిన వాటర్‌గ్లాసు, అంటే క్షార సిలికేట్, కాంక్రీటులోని సున్నంతో కలిసి గట్టి పదార్థంగా మారుతుంది. కాంక్రీటు నేల దుమ్ము రేగకుండా ఈనాటికీ దాని సంతతినే వాడుతున్నాం. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికాలో అవిసె నూనె పూసి వంతెనలను కాపాడుకున్నారు.

అసలు మలుపు 1940లో యూజీన్ రోకో సిలికాన్ రసాయనాలను నేరుగా తయారుచేసే మార్గం కనిపెట్టడంతో వచ్చింది. దాని వారసులే సిలేన్లు. వీటి అణువులు చిన్నవి కాబట్టి కొన్ని మిల్లీమీటర్ల లోతుకు ఇంకుతాయి. రంధ్రాన్ని పూడ్చకుండా దాని గోడలకు అంటుకుంటాయి. ఇక నీరు చేమాకు మీది బొట్టులా జారిపోతుంది, లోపలి ఆవిరి మాత్రం బయటికి వస్తుంది. ఉప్పు నీటితోనే లోపలికి వెళ్లాలి కాబట్టి నీరు ఆగితే ఉప్పూ ఆగుతుంది. బ్రిటన్ రవాణా శాఖ హైవే వంతెనలకు సిలేన్ పట్టించడానికి ప్రమాణం రాసింది. మన దగ్గర 1986 జులైలో గోవాలో మాండవి నది మీది వంతెన, కట్టి 20 ఏళ్లయినా నిండకుండానే, లోపలి తీగలు తుప్పుపట్టి కూలింది. పైపూత దాన్ని కాపాడేదని నేననను. లోపల జరిగేది బయటికి కనిపించదని మాత్రం ఆ కూలడం చూపించింది.

సిలేన్‌కూ హద్దులున్నాయి. వాయువును ఆపలేదు, ఒత్తిడితో వచ్చే నీటిని ఆపలేదు. కార్బనేషన్‌కు పొరగా నిలిచే అక్రిలిక్ పూత వేరు. నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. విశాఖ తీరంలో ఒక అపార్ట్‌మెంటుకు, లోపలి తుప్పు చూడకుండా, చెమ్మ ఆరకుండా మంచి ఖరీదైన పూత వేయించాను. రెండు వర్షాకాలాల్లో బొబ్బలెక్కి చాపలా లేచింది. ఓనరు నన్ను తిట్టలేదు గానీ, డబ్బా మాత్రం దాచి నాకు చూపించాడు.

అందుకే నా మాట ఒకటే. సముద్రపు తుంపర తగిలే చోట మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెప్పిన 50 మి.మీ. కవరు ఇవ్వకుండా, కనీసం 7 రోజులు నీళ్లు పట్టకుండా పూతకు డబ్బు పోయడం వేళ్లను వదిలి ఆకులకు నీళ్లు పోయడమే. పూత నిజంగా పనిచేసేది మంచి కాంక్రీటు మీదే.

మేష్టారి సీసా ఇప్పుడు నా దగ్గరుంది. ఈ హాలు వెనక వరండాలో ఎడమ నుంచి మూడో స్తంభం పెచ్చూడింది, వస్తూ చూశాను. సభ అయ్యాక టీ పక్కనే. సుత్తి కూడా తెచ్చాను, రండి.