పూటకూళ్ళ ఇంట్లో మొదలయ్యే కథ

బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరతారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని పాచికలు వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఈ ఆటలకు పెద్దన్న.

నెలల తరబడి సాగే కథను ఎత్తుకోవడమెలా? అరిగిపోయిన దారి ఒకటుంది. వీరులంతా పూటకూళ్ళ ఇంట్లో కలుస్తారు, ఎవరో ముసలాయన వచ్చి పని అప్పజెబుతాడు. ఇదీ 'అనగనగా ఒక రాజు' లాంటిదే.

'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' కోసం 2014లో వచ్చిన 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' అనే సాహసగాథ అలా మొదలవదు. వీరులు సరుకుల బండి తోలుకెళుతుంటారు. దారికడ్డంగా రెండు చచ్చిన గుర్రాలు, ఒంట్లో దిగిన బాణాలు. ఆ గుర్రాల్లో ఒకటి తమను పనికి కుదుర్చుకున్న ఆసామిదే! ఈలోగా పొదల్లోంచి గోబ్లిన్లనే దుష్టజీవులు దూకుతాయి. ఇక ఆట వదిలి లేచేదెవరు?

మరుసటి ఏటి సాహసగాథ 'అవుట్ ఆఫ్ ది అబిస్' ఇంకా గడుసుది. అందరూ పాతాళంలో బందీలు, చేతిలో ఆయుధం లేదు. ముక్కూముఖం తెలియనివాళ్ళు ఎందుకు చేతులు కలిపారని ఎవరూ అడగరు.

'డ్రెడ్' అనే భయానక ఆటలో పాచికల బదులు చెక్కముక్కల గోపురం ఉంటుంది. ప్రతి ఆటగాడికీ ముందే ప్రశ్నాపత్రం ఇస్తారు. "అన్నకు ఆ అబద్ధం ఎందుకు చెప్పావు?" వంటి ప్రశ్న చాలు, జవాబులోనే సగం కథ దొరుకుతుంది.

అలాగని పూటకూళ్ళ ఇంటిని తీసిపారేయనక్కర్లేదు. 2018 నాటి 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' సాహసగాథ 'వాటర్‌డీప్: డ్రాగన్ హైస్ట్' అక్కడే మొదలవుతుంది. కాకపోతే ఆ ఇంటి నడిమధ్యన పెద్ద బావి, అందులోంచి పైకి పాకుతూ ట్రోల్ అనే ఒక రాక్షసజీవి.