మోనో రికార్డుకు తగిన ముల్లు



మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో పాత ఇళ్ల అటకలు వెతికితే, ఇత్తడి బిందెల వెనక గోనెసంచిలో చుట్టిపెట్టిన గ్రామఫోను ప్లేట్లు ఇప్పటికీ అక్కడక్కడ దొరుకుతాయి. ఒకే కట్టలో తెలుగు పద్యాలు, తమిళ కీర్తనలు, కన్నడ నాటకాల పాటలు కలిసి ఉంటాయి. సరిహద్దు ఇళ్ల తీరే అంత. ఈమధ్య యువకులు మళ్లీ రికార్డుల మీద మనసుపడి, కొత్త టర్న్‌టేబుల్ కొని, తాతగారి ప్లేటు దానిమీద పెడుతున్నారు. గరగరమనే రొదలో పాట మునిగిపోతుంది. ప్లేటు అరిగిపోయిందనుకుని పాత సామాను వాడికి వేసేస్తారు. చాలాసార్లు ప్లేటులో పాట భద్రంగానే ఉంటుంది. దానికి తగిన ముల్లు పెట్టకపోవడమే లోపం. ఆ ముల్లును, అది ఉండే కార్ట్రిడ్జిని ఎలా అమర్చుకోవాలో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలయింది. కొద్ది సంవత్సరాలకే దక్షిణాది గాయకుల గొంతులూ ప్లేట్ల మీదికి ఎక్కాయి. వారిలో సేలం గోదావరి ఒకరు. హోసూరు, కృష్ణగిరి తాలూకాలు 1965 వరకూ ఆ సేలం జిల్లాలోనివే. ఆ నల్లని ప్లేట్లకు ముఖ్యమైన దినుసు లక్క. మోదుగ, కుసుమ వంటి చెట్లమీద లక్కపురుగులు పెట్టే ఆ బంక మన దేశం నుంచే లోకమంతటికీ వెళ్లేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ ప్లేట్ల తరువాత, 1948లో అమెరికాలో సన్నని గాళ్ల ఎల్పీ రికార్డు వచ్చింది. స్టీరియో రికార్డులు 1958 ప్రాంతంలో బజారులోకి వచ్చినా, మన సినిమా పాటల రికార్డులు 1970ల దాకా ఎక్కువగా మోనోలోనే వచ్చాయి.

మోనోకూ స్టీరియోకూ తేడా ఏమిటి? రికార్డు మీది గాడిని పొలంలో నాగటి చాలు అనుకోండి. మోనో రికార్డులో ముల్లు ఆ చాలులో కుడికీ ఎడమకూ మాత్రమే ఊగుతుంది. పాటంతా ఆ ఊపులోనే ఉంది. స్టీరియో రికార్డులో చాలుకున్న రెండు గట్లమీదా రెండు వేరువేరు ధ్వనులు చెక్కి ఉంటాయి. అందువల్ల ముల్లు పక్కలకే కాక పైకీ కిందికీ కూడా కదలాలి. ఈ పద్ధతికి ఇంగ్లండులో అలన్ బ్లమ్లీన్ అనే ఇంజనీరు 1931లోనే పేటెంటు దరఖాస్తు పెట్టాడు.

ఇక చాలు వెడల్పు. 78 ప్లేటు గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. స్టీరియో ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. మోనో ఎల్పీకి 25 మైక్రాన్లు, 78 ప్లేటుకు 65 నుంచి 75 మైక్రాన్లు కావాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సన్నని స్టీరియో ముల్లును 78 ప్లేటు మీద పెడితే అది గట్లను ఆనుకోకుండా అడుగుకు దిగి, అక్కడి దుమ్మును గీకుతుంది. మనం వినే గరగర అదే. లావు ముల్లును ఎల్పీ మీద పెడితే అది గాడిలో దిగక గట్లను తినేస్తుంది. కాబట్టి 78 ముల్లును ఎల్పీ మీద ఎన్నడూ పెట్టకండి. అలాగే పైకీ కిందికీ కదలలేని పాతకాలపు మోనో కార్ట్రిడ్జితో స్టీరియో రికార్డు వేయకండి.

రెండు కార్ట్రిడ్జిలు కొనే స్తోమత లేనివారికి ఒక సులువు ఉంది. చాలా స్టీరియో కార్ట్రిడ్జిలకు ముల్లు విడిగా ఊడి వస్తుంది. అదే కార్ట్రిడ్జికి 78 ముల్లు దొరుకుతుందేమో విచారించి, అది మాత్రం కొనుక్కోవచ్చు. తరువాత ఆంప్లిఫయరులో మోనో స్విచ్ ఉంటే దాన్ని నొక్కండి. లేకపోతే ఎడమ, కుడి తీగలు రెండింటినీ కలిపే వై ఆకారపు జంట తీగ బెంగళూరు ఎస్.పి. రోడ్డు వంటి చోట్ల దొరుకుతుంది. రెండు దారులూ కలిసినప్పుడు పక్కల ఊపువల్ల వచ్చిన ధ్వని ఒకటిగా బలపడుతుంది. పైకీ కిందికీ కదలడంవల్ల వచ్చిన రొద ఎదురెదురై చాలావరకు చెరిగిపోతుంది.

అమర్చేటప్పుడు ముందు కరెంటు తీసేసి, ముల్లుకు తొడుగు వేయండి. కార్ట్రిడ్జి వెనక నాలుగు పుల్లలు ఉంటాయి. తెలుపు, నీలం తీగలు ఎడమవైపువి. ఎరుపు, ఆకుపచ్చ తీగలు కుడివైపువి. ఏ రంగు దేనికో కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే మార్చండి. మరలు కొంచెం వదులుగా ఉంచి, యంత్రంతో ఇచ్చిన గీతల అట్టమీద ముల్లు మొనను చుక్కమీద నిలిపి, కార్ట్రిడ్జి అంచులు గీతలకు సమాంతరంగా ఉండేటట్టు సరిచేసి, అప్పుడు బిగించండి. ఎదుటినుంచి చూస్తే ముల్లు నిటారుగా ఉండాలి. 78 ప్లేటు మందం ఎక్కువ కనుక, వీలుంటే చేతి వెనక భాగాన్ని కొంచెం ఎత్తండి.

తరువాత బరువు. వెనక గుండును తిప్పి, చెయ్యి త్రాసుకాడలా గాలిలో సమంగా నిలిచేటట్టు చేసి, అక్కడినుంచి ముల్లుతో ఇచ్చిన కాగితంలో రాసినంత బరువే పెట్టండి. 78 ముళ్లకు చాలావాటికి 3 నుంచి 5 గ్రాములు. బరువు మరీ తగ్గిస్తే ప్లేటుకు మేలనుకోవద్దు. తేలికగా ఉన్న ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గట్లను కొడుతుంది. పాత కీలు గ్రామఫోనులో ఇనుప ముల్లు మీద నూరు గ్రాములకు పైగా బరువు పడేది. ఆ అరుగుదల ఇప్పటికీ ప్లేట్లలో ఉంది. అయితే కొంచెం వేరే లావు ముల్లు పెడితే అది అరగని చోట ఆనుకుని, పోయిందనుకున్న గొంతు తేటగా పలకవచ్చు.

యంత్రం కొనేముందు 78 వేగం ఉందో లేదో చూడండి. చాలా కొత్తవాటిలో 33, 45 మాత్రమే ఉంటాయి. ఇంకో మాట. నేటి ఆంప్లిఫయర్లు 1954 తరువాత స్థిరపడిన ఎల్పీ పద్ధతికి తగినట్టు హెచ్చు స్వరాలను తగ్గిస్తాయి. అందుకని 78 ప్లేటు మూతికి గుడ్డ కట్టినట్టు వినిపిస్తే, ట్రెబుల్ కొంత పెంచండి.

శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త. లక్క స్పిరిటులో కరుగుతుంది. 78 ప్లేటును స్పిరిటుతో తుడిస్తే పాటే పోతుంది. మెత్తని గుడ్డను మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండి, గాడి తిరిగిన దారిలోనే తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. మధ్యనున్న కాగితం తడవకూడదు. రేకుల కప్పు కింద, ఎండ తగిలేచోట పెట్టకండి. పుస్తకాల్లాగా నిలబెట్టండి.

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. తమిళనాడులో తమిళ బోధనా చట్టం 2006లో వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం, ఇంగ్లీషు చదివే పిల్లలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. తమిళం చక్కగా నేర్చుకోవలసిందే. అది మనం బతుకుతున్న నేల భాష. కానీ ఆ పిల్లల్లో అనేకులకు తెలుగు అక్షరం అందలేదు. అక్షరం అందని చోట చెవి దారి మిగిలి ఉంది. ఒక పద్యాన్ని ఎక్కడ ఆపాలో, ఏ మాటను ఎంత సాగదీయాలో, ళకారం ఎలా పలకాలో ఘంటసాల వంటివారి గొంతు పిల్లలకు నేర్పుతుంది. ఆ గొంతున్న ప్లేటు పగిలితే, ఆ ఇంటికి మళ్లీ దొరకకపోవచ్చు.

కాబట్టి ప్లేటు బాగా పలికిన రోజునే దాన్ని కంప్యూటరులోకి ఎక్కించండి. కాగితం మీద ఉన్న కంపెనీ పేరు, నంబరు, పాడినవారి పేరు ఒక పుస్తకంలో రాయండి. ఇంట్లో పెద్దలుంటే పక్కన కూర్చోబెట్టి, అందులోని పాత మాటలకు అర్థం అడగండి. తెలుగు చదవలేని పిల్లల కోసం ఆ వివరాలే తమిళ లిపిలోనూ రాసిపెట్టండి. ఏ లిపిలో చదివితేనేం, పాట పాటే.