అక్షరాల ఆట – ఆంగ్లానికి బాట
(ప్లాటినం జూబ్లీ సభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ కొండకోనల నడుమ 75 సంవత్సరాలుగా తెలుగు దీపాన్ని ఆరనీయక కాపాడిన విద్యాలయం ఇది. ఈ శుభదినాన నేను మాట్లాడదలచినది ఒక ఆటను గురించి. కొన్ని అక్షరాలను ముందుంచి, అవి ఏయే ఆంగ్ల పదాలలో ఉన్నాయో వెదకే ఆట అది. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న విషయమా అని అనుకోవద్దు. దాని వెనుక నా మిత్రుని కథ ఒకటి ఉన్నది.

చదువుకునే రోజుల్లో నా పక్కన కూర్చున్న బాలుడు లెక్కలలో తరగతికంతటికీ ప్రథముడు. పద్యం ఒక్కసారి వింటే అప్పగించేవాడు. ఆంగ్లం మాత్రం అతనికి కొరుకుడు పడలేదు. తెలుగులో పలికినట్లే వ్రాస్తాము. ఆంగ్లంలో ‘నైఫ్’ అనే మాటకు ముందు కె ఎందుకో, ‘లిజన్’ అనే మాట నడుమ టి ఎందుకో అతనికి ఎవరూ చెప్పలేదు. అతని సందేహాలన్నింటికీ బెత్తమే సమాధానమైంది. మెట్రిక్ పరీక్షలో రెండు పర్యాయాలు ఆంగ్లంలోనే తప్పి, చదువు మానివేసి, ఒక కిరాణా కొట్టులో పద్దులు వ్రాయడానికి కుదిరాడు. నేను ఉపాధ్యాయుడినైన నాడు నా మనసులో మెదిలిన ముఖం అతనిదే.

అప్పటినుంచి వారానికొక రోజు, గంట కొట్టడానికి పది నిమిషాల ముందు, పాఠం ఆపి ఆట మొదలుపెట్టేవాడిని. ఒకనాడు నల్లబల్లపై ‘లిజన్’ లోని ఆరు అక్షరాలు వ్రాశాను: ఎల్, ఐ, ఎస్, టి, ఇ, ఎన్. ‘ఈ ఆరింటితోనే మరొక మాట చెప్పండి’ అన్నాను. ఎన్నడూ నోరు విప్పని ఒక బాలిక వెనుక వరుసలో లేచి నిలబడి ‘సైలెంట్’ అన్నది. విను అన్న మాటలోని అక్షరాలే మౌనం అన్న మాటలోనూ ఉన్నాయి. ‘లిజన్’లో వినిపించని టి, ‘సైలెంట్’లో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ తరువాత ఆ తరగతిలో ఎవరూ ఆ టిని మరచిపోలేదు.

మరొకనాడు ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అయిదు అచ్చులూ ఉన్న మాటలు తెమ్మన్నాను. ‘ఎడ్యుకేషన్’ నేనే చెప్పాను. లెక్కల పుస్తకం నుంచి ఒకరు ‘ఈక్వేషన్’ తెచ్చారు. ‘డైలాగ్’ అన్నవారిని అందరూ నవ్వారు. వ్రాసి చూస్తే చివరనున్న యు, ఇ లతో అయిదూ సరిపోయాయి. కూరగాయలు అమ్ముకునే ఇంటి పిల్లవాడు మరునాడు ‘కాలీఫ్లవర్’ తెచ్చాడు. అయిదింటిలో ఒక్కటీ లేని ‘రిథమ్’ను కూడా వారే కనిపెట్టారు.

ఈ వెదుకులాటకు ఒక పద్ధతి ఉన్నది. క్యూ కనబడితే దాని వెంట యు ఉన్నదా అని చూడాలి. టి, ఐ, ఓ, ఎన్ దొరికితే వాటిని చివరకు చేర్చి, మిగిలినవాటిని ముందు అమర్చి చూడాలి. ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో ఎరిగి ఉండాలి. 1930 ప్రాంతపు ఆర్థిక మాంద్యంలో పని కోల్పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా వాస్తుశిల్పి పత్రికలు ముందుంచుకుని అక్షరాలను లెక్కించాడు. అతడు రూపొందించిన ఆటే తరువాత ‘స్క్రాబుల్’ అయింది. అందులోని 100 బిళ్లల్లో ఇ అక్షరానివి 12, క్యూ ఒక్కటే. మేము పాత శుభలేఖల అట్టలు కత్తిరించి బిళ్లలు చేసుకున్నాము. ఖర్చు ఏమీ కాలేదు.

ఇది పరాయి విద్య అనుకోనక్కరలేదు. మన అవధానంలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండాలని కోరేది న్యస్తాక్షరి. తరువాత రాకూడని అక్షరాన్ని అడుగడుగునా చెప్పేది నిషిద్ధాక్షరి. ఇచ్చిన పదాలను పద్యంలో పొదగమనేది దత్తపది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ప్రదర్శించిన ఈ విద్యకు వారసులైన పిల్లలు ఇరవైయారు అక్షరాలకు జంకనేల?

మన ప్రాంతం మాటల సంత. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి విడివడి రాయగడ జిల్లా అయింది. ఇక్కడి బిడ్డ ఇంట తెలుగు, వీధిలో ఒడియా, సంతలో కువి, గునుపురం వైపు వెళితే సవర వింటాడు. సవర భాషకు మంగేయి గమాంగో 1936లో ప్రత్యేక లిపినే కల్పించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరుల నోట మాటలు విని నేర్చి, వాటికి నిఘంటువు కూర్చారు. ఇన్ని భాషలు వినే చెవి గల బిడ్డకు ఆంగ్లం రాదనడం అన్యాయం.

‘తెలుగు మాధ్యమంలో చదివితే ఇంగ్లీషు వస్తుందా?’ అని తల్లిదండ్రులు నన్ను అడుగుతూనే ఉంటారు. ఆ భయం నిజమైనదే; దానిని తేలికగా త్రోసివేయను. ఈ ఆట ఒక్కటే ఆంగ్లాన్ని నేర్పదు. చదవాలి, మాట్లాడాలి, వ్రాయాలి. కాని భయం పోనిదే ఆ మూడూ మొదలు కావు. నేడు అక్షరాలు ఇస్తే చేతిలోని ఫోను క్షణంలో వంద మాటలు చూపిస్తుంది. అవి ఫోను వెదకిన మాటలు. బిడ్డ తానై వెదకి తెచ్చిన ఒక్క మాట బిడ్డ సొంతం.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. జూబ్లీ గుర్తుగా ప్రతి తరగతికీ ఒక మంచి నిఘంటువు ఇవ్వండి. ఉపాధ్యాయ మిత్రులారా, వారానికి పది నిమిషాలు ఇవ్వండి. ఆ పది నిమిషాలు నా మిత్రునికి ఆనాడు దొరకలేదు. అతని మనుమరాలు ఈ పాఠశాలలోనే చదువుతున్నది. ఆమెకైనా దొరకాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.