రెక్కలు లేని విమానము

నేడు నేను రెక్కలు లేని యొక యుద్ధవిమానమును గూర్చి ముచ్చటింపదలచితిని. మాల్టా ద్వీపమున, వాలెట్టా నగరమందలి సెయింట్ ఎల్మో కోటలోని యుద్ధ ప్రదర్శనశాలలో దాని మొండెము మాత్రము భద్రపరుపబడి యున్నది. అది ఎన్ 5520 సంఖ్యగల సీ గ్లాడియేటర్.

1940 జూన్ 11న ఇటలీ విమానములు ఆ దీవిపై బాంబులు కురిపించినపుడు, నౌకాదళమువారు పెట్టెలలో విడిచిపోయిన ఇట్టి జంటరెక్కల పాతవిమానములే వాని నెదుర్కొన్నవి. అవి మూడే యనియు, ఫెయిత్, హోప్, చారిటీ, అనగా విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యనునవి వాని పేర్లనియు జనశ్రుతి. నిజమునకు మూటికంటె నెక్కువయే యుండెను. ఆ పేర్లును పిదప వచ్చినవే. కాని మరమ్మతుల మూలమున ఒక్కమారు మూటికి మించి యెగురుట యరుదు. కావున ప్రజలు కన్నది కల్ల యని నేననజాలను.

1943 సెప్టెంబరు 3న 'ఫెయిత్' అను పేర దీనిని మాల్టా ప్రజల కప్పగించిరి. పేరు తరువాత వచ్చినను, దానికి తగిన పని ముందే జరిగియుండెను.